ఖాతా నంబర్ ముందున్న సున్నాను కాపాడండి: పోర్టళ్లు నడిపే అధికారులకు, వాటిని తయారుచేసే ఇంజినీర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రభుత్వ శాఖల ఐటీ విభాగాల అధికారులకు, ఆ శాఖలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చే ఇంజినీర్లకు నమస్కారం.

నేను నర్సంపేట వైపు ఒక మండల కేంద్రంలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. పదకొండేళ్లయింది. అంతకుముందు మూడేళ్లు ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేశాను. కంప్యూటర్ ముందు కూర్చుని సాయంత్రంలోగా జాబితా పంపాల్సిన వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. ఆ జాబితాలో తన పేరు పక్కన ‘ఫెయిల్డ్’ అని చూసి ఏం చేయాలో తోచక నిలబడే వాళ్ల బాధ ఇప్పుడు రోజూ చూస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం. మీ పోర్టళ్ల నుంచి డేటాను ఎక్సెల్‌లోకి దించినప్పుడు బ్యాంకు ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతున్నాయి. సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు తేదీలుగా మారిపోతున్నాయి. దీని మీద రెండుసార్లు అర్జీ ఇచ్చాను, ఒకసారి మెయిల్ పెట్టాను. మెయిల్‌కు జవాబు లేదు. అర్జీకి రశీదు నంబర్ వచ్చింది, నెల తర్వాత ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడిగితే చెప్పేవాళ్లు లేరు. తర్వాత వచ్చిన జాబితాలోనూ అదే తప్పు ఉంది. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను. ఏ ఆఫీసు పేరూ రాయడం లేదు. ఇది ఒక్కచోట జరిగే తప్పయితే ఆ ఒక్కచోటికే వెళ్లి అడిగేదాన్ని.

ముందు జరిగినది చెప్తాను.

2025 యాసంగిలో మా ఊరి పక్క ఊరి రైతు ఒకాయన 112 బస్తాల వడ్లు అమ్మాడు. నేను కాకా అని పిలుస్తాను. బస్తాకు 40 కిలోల లెక్కన 44 క్వింటాళ్ల 80 కిలోలు. అప్పట్లో ‘ఎ’ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే ఆయనకు రావలసింది 1,03,936 రూపాయలు. ఆయనతో పాటు అదే రోజు తూకం వేసిన వాళ్లకు వారం పది రోజుల్లో పైసలు పడ్డాయి. ఈయనకు పడలేదు. మొదట ‘ఇంకో వారం ఆగు’ అన్నారు. ఆ తర్వాత ‘నీ ఖాతా చెల్లదట, బ్యాంకుకు పోయి అడుగు’ అన్నారు. బ్యాంకులో అడిగితే ‘ఖాతా మంచిగనే ఉంది, మొన్ననే నువ్వు రెండు వేలు తీసుకున్నవు కదా’ అన్నారు. మళ్లీ ఆఫీసుకు పోయాడు. కేవైసీ చేయించుకొని రమ్మన్నారు. చేయించుకున్నాడు. ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో చూసుకోమన్నారు. అదీ చూపించుకున్నాడు. పోయిన ప్రతిసారీ ఆటో కిరాయి, ఒక రోజు పని పాడు.

మృగశిర కార్తె వచ్చింది. దుక్కి దున్నాలి, విత్తనాలు తేవాలి. తెలిసినవాళ్ల దగ్గర 40,000 రూపాయలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. అంటే నెలకు 800. ఎరువుల దుకాణంలో ఉద్దెర పెట్టాడు. ఉద్దెర తెచ్చినప్పుడు ధర మీద గీసిగీసి అడగలేమని రైతులందరికీ తెలుసు.

జూన్ చివర్లో నా సెంటర్‌కు వచ్చి పాస్‌బుక్ బల్ల మీద పెట్టి అడిగాడు. ‘బిడ్డా, నా పైసలు ఎటువోయినయో జర కంప్యూటర్ల చూడరాదు’ అని. అప్పటికి ఆయన దగ్గర ఆగిపోయిన చెల్లింపుల జాబితా ప్రింటు ఒకటి ఉంది. ఎవరో ఫొటో తీసి ఇచ్చారట. దానిలో ఆయన ఖాతా నంబర్ మీద వేలు పెట్టి, పాస్‌బుక్‌లోని నంబర్‌తో ఒక్కొక్క అంకె కలిపి చూశాను. పాస్‌బుక్‌లో 15 అంకెలు. జాబితాలో 14. ముందున్న సున్నా లేదు. అదే కాగితం మీద ఇంకో ఎనిమిది పేర్లు ఉన్నాయి. వాళ్లలో నాకు తెలిసిన ఐదుగురికి ఫోన్ చేసి పాస్‌బుక్‌లు తెప్పించాను. ఐదుగురి ఖాతా నంబర్లూ సున్నాతోనే మొదలవుతున్నాయి. ఐదుగురివీ ఒకే బ్యాంకు.

ఆ రోజు కాకా అడిగిన మాట ఇంకా నా చెవిలో ఉంది. ‘గుండుసున్నకు లక్ష రూపాయలు ఆపిండ్రా?’

ఇప్పుడు ఇది ఎందుకు జరుగుతుందో రాస్తాను. ఇంజినీర్లకు ఇది తెలిసిన సంగతే. అయినా సంతకాలు పెట్టే అధికారులకు, ఈ లేఖ చదివే మామూలు జనానికి అర్థం కావాలి.

మీ పోర్టల్‌లో రైతు ఖాతా నంబర్ సరిగానే ఉంటుంది. డౌన్‌లోడ్ బటన్ నొక్కితే చాలా పోర్టళ్లు సీఎస్‌వీ ఫైల్ ఇస్తాయి. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, అందులో సున్నాలు భద్రంగా కనిపిస్తాయి. కానీ ఆఫీసులో ఎవరూ నోట్‌ప్యాడ్‌లో తెరవరు. డబుల్ క్లిక్ చేస్తారు, ఎక్సెల్ తెరుచుకుంటుంది. ఆ ఫైల్‌లో ఏ కాలమ్ ఏమిటో ఎక్సెల్‌కు చెప్పేది ఏదీ ఉండదు. అన్నీ అంకెలే ఉంటే దాన్ని ఒక సంఖ్య అనుకుంటుంది. సంఖ్యకు ముందు సున్నా ఉన్నా లేకపోయినా విలువ ఒకటే కాబట్టి దాన్ని తీసేస్తుంది. 000123456789 అనే 12 అంకెల ఖాతా 123456789 అవుతుంది. ఆపరేటర్ కుర్రాడో అమ్మాయో కాలమ్ వెడల్పు సరిచేసి, వరస పేర్చి, సేవ్ నొక్కుతారు. నొక్కిన ఆ క్షణం నుంచి ఫైల్‌లో కూడా సున్నా ఉండదు. ఆ ఫైలే పై ఆఫీసుకు పోతుంది, అక్కడి నుంచి బ్యాంకుకు పోతుంది.

కొన్ని బ్యాంకుల్లో ఖాతా నంబర్ బ్రాంచి కోడ్‌తో మొదలవుతుంది. నాలుగు అంకెల ఆ కోడ్ వెయ్యి లోపుదైతే ముందు సున్నా తప్పదు. అందుకే ఆ బ్రాంచిలో ఖాతా ఉన్న ఊరు ఊరంతా ఒకేసారి చిక్కుకుంటుంది. వేరే బ్యాంకు వాళ్లకు మాత్రం పైసలు పడిపోతాయి. ఆఫీసులో ఉన్నవాళ్లకు ‘మిగతా వాళ్లందరికీ పడ్డాయి కదా, నీకే ఏదో తేడా ఉంది’ అనిపిస్తుంది. తప్పు రైతు మీదికి నెట్టడానికి ఇదే మొదటి కారణం అని నేను అనుకుంటున్నాను.

ఇంకో మాట. మన దేశంలో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు పైసలు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్ పద్ధతుల్లో పైసలు ఎవరి ఖాతాలో వేయాలో తేల్చేది ఖాతా నంబర్ ఒక్కటే. ఆ విషయం రిజర్వ్ బ్యాంకు 2010 అక్టోబర్‌లోనే చెప్పింది. ఖాతాదారు పేరు ముందే చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోపు పెట్టాలని తర్వాత బ్యాంకులకు చెప్పింది, మంచిదే. కానీ అది ఒక్కొక్కరికి పంపేటప్పుడు కళ్లతో చూసుకునే వాళ్లకు పనికొస్తుంది. వందల పేర్ల ఫైల్ ఒక్కసారి ఎక్కించే చోట పేరు చూసి ఆపే మనిషి ఎవరుంటారు? ఖాతా నంబర్ తప్పని తేలితే నెఫ్ట్‌లో పంపిన సొమ్ము గంటల్లోనే పంపినవాళ్ల ఖాతాకు తిరిగి వెళ్లాలి. అంటే నెఫ్ట్‌లోనే పంపి ఉంటే, కాకా 40,000 రూపాయలకు మిత్తి కట్టిన రోజుల్లో ఆయన లక్ష రూపాయలు పంపినచోటే ఉన్నట్టు.

ఇక దీనివల్ల జనానికి కలిగే నష్టాలు. ఒక్కొక్కటీ నా కళ్ల ముందు జరిగినదే. ఐదోది మాత్రం ఇంతవరకు నా సెంటర్‌కు వచ్చినవాళ్లెవరికీ జరగలేదు, జరుగుతుందనే భయంతో రాస్తున్నాను.

1. రైతుకు పంట పైసలు ఆలస్యమవుతాయి. పైన చెప్పాను.

2. డిగ్రీ పిల్లల స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంట్. కొన్ని కాలేజీల కోడ్ సున్నాతో మొదలవుతుంది, హాల్‌టికెట్ నంబర్ ఆ కోడ్‌తోనే మొదలవుతుంది. కాలేజీ వాళ్లు జాబితాను ఎక్సెల్‌లో తయారుచేసి ఎక్కిస్తే సున్నా పోయిన హాల్‌టికెట్ నంబర్ యూనివర్సిటీ రికార్డుతో కలవదు. ‘వివరాలు సరిపోలలేదు’ అని వస్తుంది. ఫీజు రాలేదని కాలేజీ మెమోలు, టీసీ ఆపుతుంది. ఒక అమ్మాయి హన్మకొండలో పీజీ సీటు వచ్చి కూడా టీసీ కోసం వాళ్ల కాలేజీ చుట్టూ పదహారు రోజులు తిరిగింది. వాళ్ల నాన్న హమాలీ పని చేస్తాడు. బాకీ ఉన్న ఫీజు అప్పు తెచ్చి కట్టి టీసీ తీసుకున్నారు. ఫీజు తర్వాత వచ్చిందో లేదో నాకు చెప్పలేదు, అడగడానికి నాకు మనసు రాలేదు.

3. సర్వే నంబర్లు. మన దగ్గర భూమి సర్వే నంబర్‌ను 10/2, 15/6 అని రాస్తాం. దీన్ని ఎక్సెల్ ఫిబ్రవరి 10, జూన్ 15 అనుకుంటుంది. కనిపించే రూపం మాత్రమే మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ లోపల ఉన్నదే మారిపోతుంది. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. 2025లో 10/2 అని ఉన్న ఫైల్ తెరిస్తే లోపల చేరేది 45698. తర్వాత ఎవరైనా తెలివిగా ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా, అంటే లెక్క కాని మామూలు రాతగా మార్చితే బయటపడేది కూడా అదే. పంట నష్టం జాబితాలో తన సర్వే నంబర్ 45698 అని చూసిన రైతుకు మనం ఏం చెప్పాలి? మా మండలంలో అంత పెద్ద సర్వే నంబర్ ఉన్న ఊరే లేదు. భూమి విషయంలో ఒక్క గీత తేడా వచ్చినా అన్నదమ్ముల మధ్య తగాదా అవుతుంది. మన జిల్లాల్లో పట్టాదారు పాస్‌బుక్‌లో ఒక నంబర్ సరిచేయించుకోవడానికి ఎన్ని చెప్పులు అరిగాయో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

4. ఇంటి నంబర్లదీ ఇదే కథ. వరంగల్, హన్మకొండలలో ఇంటి నంబర్లు 2-5-12, 6-1-24 ఇలా ఉంటాయి. ఇవి 2012 మే 2, 2024 జనవరి 6 అవుతాయి. ఒక పింఛన్ దరఖాస్తు విచారణకు వచ్చినవాళ్లు ‘ఈ చిరునామా దొరకలేదు’ అని రాసుకుని వెళ్లారు. కాగితం మీద ఉన్నది తేదీ. ఆ ముసలమ్మ ఇల్లు వాళ్లు నిలబడ్డ సందులోనే ఉంది.

5. అన్నిటికంటే భయపడాల్సింది ఇది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే సరిగ్గా దాచుకోగలదు. 16వ అంకె ఏదైనా సున్నా చేసేస్తుంది. 1234567890123456 అనేది 1234567890123450 అవుతుంది. 16 అంకెల ఖాతా నంబర్లు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. ముందు సున్నా పోతే అంకెల లెక్క తగ్గి, పైసలు ఆగిపోతాయి, అంతవరకు నయం. ఇక్కడ మాత్రం అంకెల లెక్క సరిపోతుంది, నంబర్ మాత్రం వేరేది. ఆ నంబర్‌తో నిజంగా ఇంకొకరి ఖాతా ఉంటే పైసలు వాళ్లకు పోతాయి. పేరు ఎవరూ చూడరని పైనే రాశాను. పోయిన సొమ్మును వెనక్కి రప్పించుకోవడం ఒక కూలీ మనిషి వల్ల అయ్యే పనేనా?

6. ల్యాండ్‌లైన్ నంబర్లలో వరంగల్ కోడ్ 0870 కాస్తా 870 అవుతుంది. చిన్న విషయమే. కానీ ఫిర్యాదు కోసం ఇచ్చిన నంబరే పని చేయకపోతే మిగతావన్నీ ఎక్కడ చెప్పుకోవాలి?

ఈ తప్పు మనకు ఒక్కరికే కాదు. ప్రపంచమంతా జరిగింది. మనిషి శరీరంలోని జన్యువులకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పొట్టి పేర్లలో ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటివి ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 అని మార్చేసేది. పరిశోధన పత్రాల్లోకి కూడా ఆ తప్పులు పాకాయి. చివరికి జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీయే ఆ పేర్లను ‘మార్చ్ఎఫ్1’, ‘సెప్టిన్1’ అని మార్చి, 2020లో కొత్త నియమాలు ప్రకటించింది. అంత పెద్ద చదువులు చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్‌తో వేగలేక తాము పెట్టుకున్న పేర్లే మార్చుకున్నారు. మా కాకా తన ఖాతా నంబర్ మార్చుకోలేడు. తాత నాటి సర్వే నంబర్‌నూ మార్చుకోలేడు. కాబట్టి మారవలసింది మీ డౌన్‌లోడ్ బటన్ వెనక ఉన్న ప్రోగ్రామ్.

మూల కారణం నాకు అర్థమైనంతవరకు ఇది. అంకెలతో రాసినదల్లా సంఖ్య అనుకోవడం. వడ్ల తూకం సంఖ్య, కూడతాం. ధర సంఖ్య, గుణిస్తాం. ఖాతా నంబర్లను ఎవరైనా కూడతారా? రెండు హాల్‌టికెట్ నంబర్ల సగటు ఎవరికైనా కావాలా? ఖాతా నంబర్ అనేది పేరు లాంటిది. రామయ్య పేరులో మొదటి అక్షరం పనికిరాదని తీసేసి ‘మయ్య’ అని రాస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? పోర్టల్ తయారుచేసే మొదటి రోజునే ఏ కాలమ్ లెక్క, ఏ కాలమ్ పేరు అని విడదీసి పెట్టుకుంటే ఈ లేఖ రాయాల్సిన పనే ఉండేది కాదు.

మా డిమాండ్లు ఇవి. మా అంటే నేను, నా దగ్గరికి వచ్చే రైతులు, విద్యార్థులు, నాలాగా సెంటర్లు నడిపే ఇంకొందరు.

1. డౌన్‌లోడ్ బటన్ నొక్కితే అసలైన ఎక్స్ఎల్ఎస్ఎక్స్ (ఎక్సెల్ సొంత రకం) ఫైల్ ఇవ్వండి. అందులో ఖాతా నంబర్, సర్వే నంబర్, ఇంటి నంబర్, హాల్‌టికెట్ నంబర్, ఫోన్ నంబర్ కాలమ్‌లలో విలువను టెక్స్ట్‌గానే రాయండి, ఆ సెల్స్‌కు టెక్స్ట్ ఫార్మాట్ (@) పెట్టండి. ఫైల్ తయారుచేసేటప్పుడే ఇలా రాస్తే ఎవరు ఎన్నిసార్లు తెరిచి సేవ్ చేసినా సున్నా ఎక్కడికీ పోదు. కొన్ని పోర్టళ్లు వెబ్ పేజీలోని పట్టికనే ఎక్స్ఎల్ఎస్ అని పేరు మార్చి ఇస్తున్నాయి. దాన్ని వెంటనే మార్చలేకపోతే కనీసం ఆ పట్టిక గడులకు ఎంఎస్ఓ-నంబర్-ఫార్మాట్ అనే స్టైల్ పెట్టి టెక్స్ట్ అని చెప్పండి. అంతకుముందు దశలో, మీ డేటాబేస్‌లోనే ఖాతా నంబర్‌ను సంఖ్యగా దాచుకుని ఉంటే సున్నా అక్కడే పోయి ఉంటుంది, ముందు దాన్ని సరిచేయండి.

2. సీఎస్‌వీయే ఇవ్వాల్సి వస్తే, దాన్ని డబుల్ క్లిక్‌తో తెరవొద్దని, ఎక్సెల్‌లో డేటా మెనూకు వెళ్లి ‘ఫ్రమ్ టెక్స్ట్ / సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకుని ఆయా కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోవాలని ఆ బటన్ పక్కనే తెలుగులో రాయండి. నంబర్ చుట్టూ కోట్ గుర్తులు పెడితే చాలని కొందరు ఇంజినీర్లు అనుకుంటారు. చాలదు. డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ ఆ కోట్ గుర్తులను పట్టించుకోదు. ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్ వాడే చోట్ల ఫైల్ తెరవగానే వచ్చే కిటికీలోనే కాలమ్‌కు టెక్స్ట్ ఎంచుకోవచ్చు. చాలామంది ఆపరేటర్లు ఆ కిటికీ చదవకుండా ఓకే నొక్కుతారు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు.

3. ఫైల్ ఎక్కించే చోట తనిఖీ పెట్టండి. చాలా బ్యాంకుల ఖాతా నంబర్లకు ఎన్ని అంకెలో తెలిసినదే. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మొదటి నాలుగు అక్షరాలు చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. అంకెలు తక్కువైతే ఆ వరసను అక్కడే ఎర్రగా చూపించి ఆపండి. పైసలు పంపి, ఫెయిలై, నెల తర్వాత రైతుకు తెలియడం కంటే ఇది ఎంతో మేలు. 16 అంకెల ఖాతా చివర సున్నా ఉంటే, రికార్డుతో కలిపి చూడకుండా పంపొద్దు.

4. దయచేసి పైపైన సరిచేయొద్దు. పోయిన సున్నాలను కస్టమ్ ఫార్మాట్ పెట్టి ‘చూపించడం’ ఒక అలవాటైంది. కంటికి 15 అంకెలు కనిపిస్తాయి, లోపల 14 అంకెలే ఉంటాయి. ఆ ఫైల్‌ను మళ్లీ ఎక్కిస్తే 14 అంకెలే పోతాయి. అలాగే అందరికీ కలిపి 15 అంకెలు చేయమని ముందు సున్నాలు చేర్చడం ఇంకా ప్రమాదం, 11 అంకెల ఖాతావాళ్లకూ నాలుగు సున్నాలు తగులుతాయి. పోయిన నంబర్‌ను మూల డేటా నుంచే మళ్లీ తీసుకోవాలి.

5. మీ ఆఫీసుల్లో మైక్రోసాఫ్ట్ 365 ఉంటే ఫైల్, ఆప్షన్స్, డేటాలో ‘ఆటోమేటిక్ డేటా కన్వర్షన్’ అనే చోట ముందు సున్నాలు తీసేయడం, పొడవైన నంబర్లను 15 అంకెలకు కుదించడం ఆపేయవచ్చు. 2023 నుంచి ఈ సౌకర్యం వచ్చింది. ఆ టిక్కులు అన్ని కంప్యూటర్లలో తీయించండి. కానీ దీన్నే పూర్తి మందు అనుకోవద్దు. పాత ఎక్సెల్ ఉన్న చోట ఇది లేదు. 10/2 తేదీ కావడాన్ని ఇది ఆపదు.

6. చెల్లింపు తిరిగి వస్తే మొదట ఆఫీసే తన రికార్డు చూసుకోవాలి. దరఖాస్తుతో పాటు తీసుకున్న పాస్‌బుక్ కాపీ మీ దగ్గరే ఉంది. దానితో నంబర్ కలిపి చూడడానికి ఒక మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. అది చూడకుండా ఎవరినీ బ్యాంకుకు, కేవైసీకి తిప్పొద్దు. తిరిగి వచ్చిన సొమ్మును 7 రోజుల్లోగా మళ్లీ పంపాలని గడువు పెట్టండి. ఎందుకు ఆగిందో రైతు ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పంపండి. ‘పంపిన జాబితాలో మీ ఖాతా నంబర్ ఒక అంకె తక్కువగా ఉంది’ అని ఒక్క వాక్యం వస్తే కాకా జూన్ నెలంతా తిరిగేవాడు కాదు.

7. గత రెండు సీజన్లలో, గత రెండు విద్యా సంవత్సరాల్లో ఆగిపోయిన చెల్లింపుల జాబితాలను తీయించండి. ఖాతా నంబర్ అంకెలు తక్కువైనవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాళ్లలో చాలామంది అడిగి అడిగి మానేసి ఉంటారు. వాళ్లు మళ్లీ అర్జీ పెట్టుకోవాలని చూడకుండా మీరే పంపండి.

8. ఆపరేటర్లకు ఒక్క పూట శిక్షణ ఇవ్వండి. ఈ తప్పుకు వాళ్ల జీతం కోయొద్దు, మెమో ఇవ్వొద్దు. సాయంత్రం ఐదింటికల్లా మెయిల్ పోవాలని ఒత్తిడి పెట్టి, ఫైల్ తెరవగానే దానంతటది మారిపోయే పద్ధతి వాళ్ల చేతికిచ్చి, తప్పు వాళ్లదంటే న్యాయం కాదు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని. ఆ రోజుల్లో నా చేతుల మీదుగా ఇలాంటి జాబితాలు ఎన్ని పోయాయో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నాకు తెలియలేదు.

ఇంజినీర్లకు విడిగా ఒక విన్నపం. మొదటి డిమాండ్‌లో అడిగినది చాలాచోట్ల కొద్ది గంటల పని అని మీకు నాకంటే బాగా తెలుసు. టెండర్‌లో రాయలేదనో, మార్పు కోరుతూ లెటర్ రాలేదనో ఆగొద్దు. లెటర్ కావాలంటే అధికారులు ఇవ్వాలి. అందుకే ఇద్దరికీ కలిపి ఒకే లేఖ రాశాను. పరీక్షించేటప్పుడు 9తో మొదలయ్యే ఖాతా నంబర్లు పెట్టి ‘బాగుంది’ అనుకోవద్దు. సున్నాతో మొదలయ్యేది ఒకటి, 16 అంకెలది ఒకటి, 10/2 అనే సర్వే నంబర్ ఒకటి, 2-5-12 అనే ఇంటి నంబర్ ఒకటి పెట్టి, డౌన్‌లోడ్ చేసి, తెరిచి, సేవ్ చేసి, మళ్లీ ఎక్కించి చూడండి. నాలుగూ పెట్టినట్టే తిరిగి వస్తే పని అయినట్టు. పేర్లు, అసలు నంబర్లు లేకుండా అలాంటి నమూనా ఫైల్ నేను తయారుచేసి పెట్టాను. ఏ శాఖ అడిగినా ఇస్తాను, వచ్చి చూపించమన్నా వస్తాను. బస్ చార్జీ కూడా అడగను.

నా తోటి ఆన్‌లైన్ సెంటర్ల వాళ్లకు, కంప్యూటర్ ఆపరేటర్లకు కూడా రెండు మాటలు. ఎవరైనా ‘ఖాతా చెల్లదు’ అన్న కాగితంతో వస్తే బ్యాంకుకు పంపే ముందు పాస్‌బుక్ తీసి అంకెలు లెక్కపెట్టండి. జాబితాలో తక్కువైతే ఆ తేడాను ఎర్ర పెన్నుతో గీసి, అర్జీకి జతచేసి, తేదీతో రశీదు తీసుకోమని చెప్పండి. కాకా విషయంలో అదే చేశాం. కాగితం మీద 14, 15 అని పక్కపక్కన రాసి చూపించాక ఆ ఆఫీసులోని ఒక జూనియర్ అసిస్టెంట్ లేచి నిలబడి, తన కంప్యూటర్‌లో పాత ఫైల్ వెతికి, అప్పటికప్పుడు సరిచేసి పంపాడు. ఆయనకు ఈ లేఖ ద్వారా దండం పెడుతున్నాను. పది రోజులకు పైసలు పడ్డాయి. మిత్తి 1,600 రూపాయలు మాత్రం కాకా చేతి నుంచే పోయాయి.

ఆ జాబితాలోని మిగతా ఎనిమిది మందిలో ముగ్గురు ఎవరో నాకు తెలియదు. పేర్లు, ఊర్లు ఫొటోలో సరిగా కనబడలేదు. వాళ్లకు పైసలు పడ్డాయా లేదా అన్నది మీ రికార్డుల్లో ఉంటుంది. ముందు ఆ మూడు పేర్లు వెతికించండి. ఈ వానాకాలం వడ్ల జాబితాలు పైకి పోకముందే మొదటి మూడు డిమాండ్ల మీద మీ నిర్ణయం రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకురాలు,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా